రేడియాలజీ అంటే ఏ కోర్సు?

కావలి నుంచి ఒక తండ్రి అడిగారు: "అమ్మాయి ఇంటర్ బైపీసీ అయింది. నీట్ రెండుసార్లు రాసినా సీటు రాలేదు, రేడియాలజీ చేస్తానంటోంది. నెల్లూరులో ఎవరో ఆరు నెలల్లో అల్ట్రాసౌండ్ స్కానింగ్ నేర్పిస్తామంటున్నారు. చేర్పించమంటారా? రేడియేషన్‌తో ఆడపిల్లకు ఇబ్బంది ఉండదా? తమ్ముడు ఎంపీసీ, వాడికీ ఇందులో దారి ఉందా?"

ముందు ఆ ఆరు నెలల సంగతి. వద్దండీ. 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం గర్భిణులకు అల్ట్రాసౌండ్ చేయాల్సింది అర్హత ఉన్న డాక్టరే. ఆరు నెలల శిక్షణ ఉన్నమాట నిజమే, కానీ అది ఎంబీబీఎస్ చదివినవాళ్లకు. ఇంటర్ పాసైన పిల్ల చేతికి ప్రోబ్ (పొట్ట మీద ఆనించే స్కానింగ్ పరికరం) ఇస్తే, తనిఖీ రోజున సెంటర్‌తో పాటు ఆ పిల్ల కూడా ఇరుక్కుంటుంది.

ఇక అమ్మాయి మనసులో ఉన్నది ఏ రేడియాలజీ? రిపోర్టు రాసేది రేడియాలజిస్టు. అందుకు ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఆపైన నీట్ పీజీ, మూడేళ్ల ఎండీ. పేషెంటును సరిగ్గా పడుకోబెట్టి ఎక్స్‌రే తీసేది, సీటీ, ఎంఆర్ఐ నడిపేది టెక్నాలజిస్టు. ఎన్నేళ్ల అనుభవం వచ్చినా టెక్నాలజిస్టు డాక్టరు కాదు. ఇది ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి. చేరాక తెలిసి ఏడ్చిన పిల్లల్ని చూశాను.

టెక్నాలజిస్టు పని ఇష్టమైతే పారామెడికల్ బోర్డు వారి రెండేళ్ల ఇమేజింగ్ (ఎక్స్‌రే, స్కానింగ్) డిప్లొమా ఉంది, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్ల బీఎస్సీ ఉంది. ఇంట్లో డబ్బు టెన్షన్ లేకపోతే నా ఓటు బీఎస్సీకే. ఎంఎస్సీ చేయాలన్నా, కాలేజీలో పాఠం చెప్పాలన్నా డిగ్రీ కావాలి. త్వరగా జీతం రావాలంటే డిప్లొమా తప్పేం కాదు.

రేడియేషన్ భయం సహజమే. ఎంఆర్ఐ, అల్ట్రాసౌండ్‌లలో ఎక్స్‌కిరణాలే ఉండవు. ఎక్స్‌రే, సీటీ గదుల్లో పనిచేసేవాళ్లు టీఎల్‌డీ బ్యాడ్జ్ పెట్టుకుంటారు. ఎంత రేడియేషన్ తగిలిందో ఆ బ్యాడ్జ్‌ను ల్యాబ్‌కు పంపి లెక్కకడతారు. ఐదేళ్ల సగటు ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (రేడియేషన్ మోతాదు కొలత) దాటకూడదని కేంద్ర అణుశక్తి నియంత్రణ బోర్డు ఏఈఆర్‌బీ నియమం. సీసం గోడ వెనక నిలబడి బటన్ నొక్కే మనిషికి సాధారణంగా అందులో చాలా తక్కువే తగులుతుంది. గర్భం వస్తే వెంటనే ఆసుపత్రికి చెప్పాలి, డ్యూటీ మారుస్తారు. బ్యాడ్జ్ ఇవ్వని చోట మాత్రం ఒక్కరోజు కూడా పనిచేయనివ్వకండి.

అబ్బాయికి ఫిజిక్స్ ఇష్టమా? అయితే బీఎస్సీ, ఎంఎస్సీ ఫిజిక్స్ చేసి, ముంబైలో బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) నడిపే ఏడాది రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమాకు వెళ్లొచ్చు. క్యాన్సర్ ఆసుపత్రుల్లో రేడియేషన్ మోతాదు లెక్కకట్టే మెడికల్ ఫిజిసిస్టు అవుతాడు. మన వైపు ఈ దారి తెలిసినవాళ్లు తక్కువ.

ఫీజు కట్టేముందు కాలేజీవాళ్లను రెండే అడగండి: బోర్డు లేదా యూనివర్సిటీ అనుమతి పత్రం చూపిస్తారా, పిల్లలు ఏ ఆసుపత్రిలో ఏ మెషిన్ మీద నేర్చుకుంటారు? సీటీ, ఎంఆర్ఐ ఎక్కడున్నాయో చూపించలేకపోతే పక్క కాలేజీకి వెళ్లండి. ఈలోగా అమ్మాయిని నెల్లూరు పొగతోటలో మీకు తెలిసిన డాక్టరుగారి ఎక్స్‌రే విభాగానికి ఒక పూట తీసుకెళ్లండి. కాలు విరిగి అరుస్తున్న పేషెంటును టేబుల్ మీదకు ఎలా ఎక్కిస్తారో గది బయటి నుంచైనా చూడనివ్వండి.