నిషేధించారంటేనే అది జరుగుతోందని అర్థం

మధ్యయుగంలో ఐర్లండ్‌కు వచ్చి స్థిరపడిన ఇంగ్లిష్ వాళ్లు, అక్కడి ఐరిష్ వాళ్లు ఎప్పుడూ కొట్టుకుంటూనే ఉన్నారా అని అడిగారు. నేను ఉద్యోగం మీద నాలుగేళ్లు ఐర్లండ్‌లోని కిల్కెన్నీ అనే ఊళ్లో ఉన్నాను. అక్కడ చూసినదీ చదివినదీ చెబుతాను.

మేం అద్దెకున్న ఇల్లు ఐరిష్‌టౌన్‌లో. ఊళ్లో ఉన్నదంతా ఐరిష్ వాళ్లే కదా, మళ్లీ ఈ పేరేమిటి అనుకున్నాను. సెయింట్ కానిస్ కేథడ్రల్ చుట్టూ ఉన్న ఆ భాగం పాత ఊరు, బిషప్ అధీనంలో ఉండేది. బ్రెగా అనే చిన్న వాగు దాటితే హైటౌన్. అది విలియం మార్షల్ అనే ప్రభువు 13వ శతాబ్దం మొదట్లో వలసదారుల కోసం పెంచిన ఊరు. మా పాపను స్కూలుకు తీసుకెళ్తూ రోజూ ఆ వాగు దాటేవాణ్ణి. నిమిషం కూడా పట్టదు.

ఆ మార్షల్ భార్య ఇసబెల్ తల్లి ఐరిష్ రాజకుమారి ఈఫా. ఈఫా తండ్రి డర్మట్, తూర్పు ఐర్లండ్‌లోని లీన్‌స్టర్‌కు రాజు. పోయిన రాజ్యం కోసం 1169లో నార్మన్ (అప్పట్లో ఇంగ్లండ్‌ను ఏలుతున్న వర్గం) సైనికులను పిలిపించుకున్నది ఆయనే. మరుసటి ఏడు వాళ్ల నాయకుడు స్ట్రాంగ్‌బోకు కూతురినిచ్చి పెళ్లి చేశాడు. అంటే యుద్ధం, వియ్యం రెండూ ఒకేసారి మొదలయ్యాయి.

అలాగని అందరూ కలిసిమెలిసి ఉన్నారనుకోకండి. ఐదు ఐరిష్ రాజవంశాల వాళ్లు, ప్రత్యేకంగా అనుమతి సంపాదించుకున్న కొందరు తప్ప, ఐరిష్ మనిషి ఇంగ్లిష్ రాజు కోర్టులో దావా వేయలేడు. ఇంగ్లిష్ మనిషి చేతిలో ఐరిష్ మనిషి చనిపోతే దాన్ని హత్యానేరంగా చూసేవాళ్లు కాదు. 1317లో ఐరిష్ రాజులు పోప్ 22వ జాన్‌కు రాసిన ఫిర్యాదులో ఈ మాటే ఉంది. లైబ్రరీలో దాని అనువాదం చదువుతుంటే, ఏడు వందల ఏళ్ల కిందటి అన్యాయమైనా నాకు ఒళ్లు మండింది. అంతకు ముందు, 1270ల చివర్లో, మాకూ మీ చట్టమే వర్తింపజేయండి అని కాషెల్ ఆర్చ్‌బిషప్ ద్వారా ఇంగ్లండ్ రాజు ఎడ్వర్డ్‌కు 7,000 మార్కులు (అప్పటి డబ్బు లెక్క) ఇవ్వజూపారు. అయినా ఆ కోరిక తీరలేదు.

ఇక ఐర్లండ్‌లోని ఇంగ్లిష్ పాలకులు 1366లో చేసిన కిల్కెన్నీ చట్టాల సంగతి. ఇంగ్లిష్ వాళ్లు ఐరిష్ వాళ్లతో పెళ్లి సంబంధాలు కలుపుకోకూడదు. పిల్లలను వాళ్ల ఇళ్లకు పెంపకానికి పంపకూడదు. ఇంగ్లిషే మాట్లాడాలి, ఇంగ్లిష్ పేర్లే పెట్టుకోవాలి. గుర్రానికి జీను వేసే ఎక్కాలి. ఐరిష్ పాటగాళ్లను రానివ్వకూడదు. కర్రలతో బంతి కొట్టే ఆట కూడా ఆడకూడదు. (అలాంటి ఆటే అయిన హర్లింగ్ అంటే ప్రాణం పెట్టే ఊరు ఈ రోజు కిల్కెన్నీ.) ఇంగ్లిషే మాట్లాడాలన్న ఆ చట్టాన్ని రాసిందేమో ఫ్రెంచ్‌లో! చాలామంది దీన్ని రెండు జాతులూ దూరంగా ఉన్నాయనడానికి రుజువుగా చూపిస్తారు. నాకు మాత్రం తద్విరుద్ధంగా అనిపిస్తుంది. ఇవన్నీ ఇళ్లలో రోజూ జరుగుతున్నాయి కాబట్టే పాలకులకు టెన్షన్ పట్టుకుంది.

వీటిలో పెంపకం గురించి కాస్త చెప్పాలి. ఐరిష్ పద్ధతిలో బిడ్డను చిన్నప్పుడే మరో కుటుంబానికి అప్పగించేవారు. ఆ బంధం రక్తసంబంధంతో సమానం. డెస్మండ్ ప్రభువు జెరాల్డ్ ఫిట్జ్‌జెరాల్డ్ వలసదారుల వంశంవాడు. చట్టాలు వచ్చిన మరుసటి ఏడే ఐర్లండ్‌లో ఇంగ్లండ్ రాజుకు ప్రతినిధి అయ్యాడు. ఆయనే ఐరిష్ భాషలో ప్రేమ కవితలు రాశాడు. 1370లో ఓబ్రయన్‌లు అనే ఐరిష్ వంశం వాళ్లు ఆయన్ను యుద్ధంలో ఓడించి బందీగా పట్టుకున్నారు. 1388లో తన కొడుకు జేమ్స్‌ను అదే ఓబ్రయన్‌ల ఇంట్లో పెంచడానికి రాజు దగ్గర అనుమతి తీసుకున్నాడు. మీ ప్రశ్నకు ఈ ఒక్క మనిషి జీవితమే సరైన జవాబు.

1495లో ఐర్లండ్ పార్లమెంటు ఆ కిల్కెన్నీ చట్టాలను మళ్లీ ఖాయం చేసింది. కానీ ఐరిష్ మాట్లాడకూడదన్న నియమాన్ని మాత్రం వదిలేసింది. అప్పటికి వలసదారుల పిల్లలే ఆ భాష మాట్లాడుతున్నారు.