మార్కుల పుస్తకం నిండితే పని వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి దగ్గర ఒక ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు మొదటి సంవత్సరంలో ఉన్నాడు. ఇంట్లో తెలుగు, క్లాసులో ఒడియా. ప్రతి జాబుకూ (వర్క్‌షాపులో చేసి చూపించే వస్తువుకు) మార్కులంటారు గానీ, అవన్నీ నెలాఖరున ఒకేసారి పుస్తకంలోకి ఎక్కుతున్నాయట. ఈ నిరంతర మూల్యాంకనంతో పిల్లలకు పని వస్తుందా, రాతకోతలు పెరగడమేనా?
— ఒక తండ్రి, గజపతి జిల్లా

జవాబు: వస్తుందండీ, కాకపోతే మార్కు ఎప్పుడు వేశారు, వేశాక ఏం చేయించారు అన్నదాన్ని బట్టి వస్తుంది. ఐటీఐ నియమాల ప్రకారం ఏడాది చివరి అఖిల భారత ట్రేడ్ టెస్టుకు తోడు శిక్షణ సాగినంత కాలం అంతర్గత మూల్యాంకనం జరగాలి; అందులోనూ ప్రాక్టికల్‌లోనూ ఉత్తీర్ణతకు 60 శాతం, మిగిలిన సబ్జెక్టులకు 33 శాతం కావాలి. జాబు, రికార్డు పుస్తకం, మౌఖిక పరీక్ష, హాజరుతో పాటు సామాను వృథా కాకుండా చూశాడా అన్నదీ లెక్కలోకి వస్తుంది.

ఆకురాయితో ఇనుప దిమ్మెను చదును చేస్తున్న కుర్రవాణ్ణే తీసుకుందాం. ట్రై స్క్వేరు (మూలమట్టం) ఆనించి కిటికీ వెలుతురుకు పట్టినప్పుడు, మధ్యలో మూసుకుపోయి రెండు కొసల దగ్గర సన్నని వెలుగు కనిపించిందంటే, అతడు ఆకురాయిని సమంగా నడపక ఊపుతున్నాడన్నమాట. ఇన్‌స్ట్రక్టరు ఆ మాట అప్పుడే చెప్పి మళ్లీ చేయిస్తే చెయ్యి కుదురుకుంటుంది. నెల గడిచాక 62 మార్కులని రాస్తే, అప్పటికి ఆ ఊపు అలవాటైపోయి ఉంటుంది.

విద్యా మనస్తత్వ పరిశోధకురాలు రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన పరిశోధనలో, తప్పొప్పుల మీద వ్యాఖ్య మాత్రమే అందుకున్న ఇజ్రాయెల్ బడిపిల్లలు మెరుగుపడ్డారు; వ్యాఖ్య పక్కన మార్కు కూడా వేసినచోట ఆ లాభం కనిపించలేదు. వాళ్లు ఐటీఐ పిల్లలు కారు గానీ, మార్కు కనబడితే మిగతాది చదవకపోవడం మన వర్క్‌షాపుల్లోనూ ఉన్నదే.

ఇన్‌స్ట్రక్టర్లనే తప్పుపట్టలేం. 20 మంది జాబులు ఒక్కరే కొలిచి రాయాలంటే పూటంతా దానికే సరిపోతుంది. పిల్లలే వెర్నియరుతో (సన్నని కొలతలు తీసే పరికరంతో) తమ జాబునూ పక్కవాడి జాబునూ కొలిచి రాస్తే, ఇద్దరి అంకెలూ కలవనిచోట ఆయన చూసుకుంటే చాలు. మౌఖిక పరీక్షలో మాత్రం సరిహద్దు పిల్లలకు అన్యాయం జరిగే వీలుంది: పని తెలిసీ ఒడియాలో మాట తడబడితే మార్కు భాషకు పడుతుంది. అలాంటివాణ్ణి చేసి చూపించమనడం న్యాయం.

ఈసారి మీ అబ్బాయిని రికార్డుతో పాటు జాబు కూడా చూపించమనండి. ఎక్కడ తప్పిందో వేలు పెట్టి చూపించలేకపోతే, ఇన్‌స్ట్రక్టరును కలిసి ఆ జాబు మళ్లీ చేయించమని అడగండి.