పీఎస్5 కొనండి, చిట్టీ మాత్రం ఎత్తకండి

ప్రశ్న: సార్, నాకు 27 ఏళ్లు. పోలేపల్లి సెజ్‌లో ఓ ఫార్మా కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో పని చేస్తున్నాను. జడ్చర్లలో ఇద్దరం కలిసి రూమ్‌లో ఉంటున్నాం. చేతికి 34,000 వస్తాయి. ఇంటికి 10,000, రూముకి, తిండికి 9,500, బండి ఈఎంఐ 3,200 (జులైతో అయిపోతుంది), లక్ష రూపాయల చిట్టీకి 5,000, పెట్రోలు, ఫోను, పై ఖర్చులకు 3,000 పోతాయి. చిట్టీ మొత్తం 20 నెలలు, ఎనిమిది కట్టాను. బ్యాంకులో 18,000 ఉన్నాయి. ఏప్రిల్‌లో కంపెనీ ఇన్సెంటివ్ 25,000 వస్తుంది. చిన్నప్పటి నుంచి నాకు గేమ్స్ అంటే ప్రాణం. టీవీకి తగిలించి ఆడే గేమింగ్ కన్సోల్ పీఎస్4 (ప్లేస్టేషన్ 4) పాతది ఉంది, అమ్మితే 9,000 ఇస్తామన్నారు. నవంబరులో జీటీఏ 6 అనే గేము వస్తోంది. మామూలు పీఎస్5కి ఇక్కడ నో కాస్ట్ ఈఎంఐ ఉంది. అమెరికాలో ఉన్న మా బావ అందులో ఖరీదైన మోడల్ పీఎస్5 ప్రో తెస్తానంటున్నాడు. గేము డిస్కుల కాలం అయిపోయింది, డిస్కు లేకుండా గేములు డౌన్‌లోడ్ చేసుకునే డిజిటల్ మోడల్ తీసుకుంటే పదివేలు మిగులుతాయని నా లెక్క. ధరలు ఇంకా పెరుగుతాయని రోజూ వార్తలు చూస్తుంటే టెన్షన్‌గా ఉంది. చిట్టీ పాడి ఎత్తుకుని ఇప్పుడే కన్సోల్, 55 అంగుళాల టీవీ కొనేయాలా? ఇప్పుడున్నది 32 అంగుళాల పాత టీవీ. నాన్న దేవరకద్ర దగ్గర వ్యవసాయం చేస్తారు. ఇంట్లో అందరూ ఇది దండగ ఖర్చు అంటున్నారు.

జవాబు: ముందు ఇంట్లో వాళ్ల మాట. ఇది దండగ అని నేను అనుకోవడం లేదు. నెలకు పదివేలు ఇంటికి పంపుతూ, చిట్టీ తప్పకుండా కడుతూ, షిఫ్టు అయ్యాక రూముకొచ్చి రెండు గంటలు ఇష్టమైన ఆట ఆడుకోవాలనుకునే మనిషికి ఆ ఖర్చు చేసే హక్కు ఉంది. ఒక్క విషయం మీ నాన్నగారికి విడమర్చి చెప్పండి. 'గేమ్స్' అనగానే ఇళ్లలో ఆన్‌లైన్ రమ్మీ, బెట్టింగ్ యాప్‌లే గుర్తొస్తాయి. ఆ భయంలో న్యాయం ఉంది, వాటి వల్ల అప్పుల పాలైన కుటుంబాలు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం కూడా దేశమంతటికీ చట్టం తెచ్చింది. మీ కన్సోల్ వేరు. దానికి ఎంత పెడుతున్నామో ముందే తెలుస్తుంది, ఆటలో ఓడిపోతే జేబులోంచి రూపాయి పోదు. ఆ తేడా తెలిస్తే ఇంట్లో సగం గొడవ తగ్గుతుంది.

ఇక ధరల టెన్షన్. మీరు చదివే వార్తలు అబద్ధం కావు. ఎలక్ట్రానిక్ వస్తువులు ఆగి కొంటే చవక అని మేమంతా చెప్పే మాట ఈ తరం కన్సోళ్ల విషయంలో పని చేయలేదు. పీఎస్4 2014 జనవరిలో మన దేశానికి వచ్చినప్పుడు 39,990. తర్వాతి ఏళ్లలో అది 30 వేల లోపుకి దిగింది. పీఎస్5 కథ తిరగబడింది. 2021 ఫిబ్రవరిలో డిస్క్ మోడల్ 49,990కి వచ్చింది, 2022 నవంబరులో 54,990 అయింది. 2024 ఏప్రిల్‌లో సన్నటి స్లిమ్ మోడల్ వచ్చినా ధర అదే. అమెరికాలో కూడా 2025 ఆగస్టులో 50 డాలర్లు పెంచారు. పోటీ కన్సోల్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ అయితే అదే ఏడాది రెండుసార్లు పెరిగి 500 డాలర్ల నుంచి 650కి చేరింది. చిప్పుల తయారీ ఖర్చు ఇదివరకటిలా తగ్గడం లేదు. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులను ఎగరేసుకుపోతున్నాయి. పైగా 2025 డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటింది. కాబట్టి ధర పెరగొచ్చన్న మీ అనుమానం సరైనదే.

అయితే పెరిగితే ఎంత పెరుగుతుంది? మన దగ్గర డిస్క్ మోడల్‌కి 2022లో జరిగిన పెంపు 5,000. అది తప్పించుకోవడానికి మీరు చేయబోతున్న పని చూడండి. లక్ష చిట్టీలో తొమ్మిదో నెలలో 20,000 తగ్గించి పాడారనుకుందాం, చేతికి వచ్చేది 80,000. ఆ నెల డివిడెండ్‌లో మీ వాటాగా తిరిగొచ్చేది వెయ్యి లోపే. పైగా ఇంకా 12 నెలలు వాయిదాలు కట్టాలి. ఐదు వేల పెంపుకి భయపడి ఇరవై వేలు వదులుకోవడం ఇది. వార్త ఎంత నిజమైనా దానివల్ల మీరు పడే తొందర మీకు ఖరీదైనదే. ఆ చిట్టీ ఒక్కటే మీ దగ్గర పోగవుతున్న పెద్ద మొత్తం. దాన్ని చివరి నెలల దాకా నడవనివ్వండి.

నో కాస్ట్ ఈఎంఐ సంగతి. 54,990ని 12 నెలలకు పెడితే నెలకు 4,583. ఇందులో వడ్డీ లేదని కాదు. బ్యాంకు వడ్డీ వేస్తుంది, అమ్మేవాడు అంత మొత్తం ముందే డిస్కౌంటుగా తగ్గిస్తాడు. 15 శాతం వడ్డీ అనుకుంటే ఆ వడ్డీ దాదాపు 4,200 అవుతుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 760 రూపాయలు, మీరే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు కలిపితే వెయ్యి. ఒక్కోసారి నగదుకి ఇచ్చే తగ్గింపు కూడా ఈఎంఐకి రాదు. వెయ్యి రూపాయలకు నేను కంగారు పడను. నా కంగారు వేరే చోట ఉంది. మీ ఖర్చులన్నీ కూడితే 30,700. నెలకు మిగిలేది 3,300. ఈఎంఐ 4,583. జులై దాకా ప్రతి నెలా 1,283 తక్కువ పడుతుంది, అది క్రెడిట్ కార్డు మీదికి పోతుంది. కార్డు బాకీ మీద ఏడాదికి 36 నుంచి 42 శాతం దాకా వడ్డీ పడుతుంది. ఈ దారి మీకు వద్దు.

బావగారు తెచ్చే ప్రో గురించి కూడా అంతే గట్టిగా చెబుతాను, వద్దు. 2024 నవంబరులో ఆ మోడల్ వచ్చినప్పుడు మన దేశంలో విడుదల చేయలేదు. అందులోని కొత్త వైఫై వాడే 6 గిగాహెర్ట్జ్ బ్యాండుకి అప్పటికి ఇక్కడ అనుమతి లేదు. 700 డాలర్లతో మొదలై 2025లో 750 అయింది. డాలరు 90 చొప్పున 67,500, ఆపైన అక్కడి సేల్స్ ట్యాక్స్. దానికి డిస్క్ డ్రైవ్ ఉండదు, విడిగా కొంటే ఇంకో 80 డాలర్లు. అంటే ఆ ట్యాక్స్ కలపకుండానే 75 వేల దాకా తేలుతుంది. శంషాబాద్‌లో కస్టమ్స్ వాళ్లు సుంకం వేస్తే అది అదనం. చెడిపోతే ఇక్కడ వారంటీ లేదు. ఇంత పెట్టి 32 అంగుళాల టీవీకి తగిలిస్తే 4కే బొమ్మ కోసమే పుట్టిన ఆ మెషీన్ పనితనం మీకు కనిపించదు కూడా. మామూలు పీఎస్5 మాత్రం ఆ పాత టీవీకి ఇబ్బంది లేకుండా నడుస్తుంది. నింటెండో స్విచ్ 2 మీద కూడా మనసు పోతే ఇదే జవాబు. నింటెండో మన దేశంలో అధికారికంగా అమ్మదు, దొరికేవన్నీ బయటి నుంచి తెచ్చినవే.

మీతో నేను పూర్తిగా విభేదించేది డిస్కుల విషయంలో. స్లిమ్ వచ్చినప్పుడు డిజిటల్ 44,990, డిస్క్ మోడల్ 54,990. పదివేలు మిగులుతాయన్న మీ లెక్క అక్కడిది. కానీ కన్సోల్ ఖర్చు డబ్బాతో అయిపోదు. పెద్ద గేము ఒక్కోటి 5,000 చుట్టూ ఉంటుంది. ఏడాదికి మూడు కొంటే 15,000, నాలుగేళ్లకు 60,000. డిజిటల్ అయితే ఆ అరవై వేలూ పోయినట్టే. ఒకసారి కొన్న గేమును ఇంకొకరికి అమ్మలేరు, ఆ ఒక్క స్టోరులో పెట్టిన ధరే మీకు ధర. డిస్క్ అయితే ఆడేసి అమ్మొచ్చు, మిత్రుడితో మార్చుకోవచ్చు, ఆర్నెల్లు ఆగి సెకండ్ హ్యాండ్‌లో కొనొచ్చు. హైదరాబాద్‌లో పాత డిస్కులు కొని అమ్మే షాపులున్నాయి, మీకు బస్సులో రెండు గంటల దూరం. ఒక్కో గేము మీద చివరికి 1,500 నష్టపోయారనుకున్నా నాలుగేళ్లకు 18,000 అవుతుంది. 42 వేల తేడా. డిస్కుల కాలం అయిపోవచ్చు, అమ్మే కంపెనీలకు అదే కావాలి. మీ జీతానికి మాత్రం డిస్క్ ఉన్నన్నాళ్లూ డిస్కే మంచిది.

పీఎస్ ప్లస్ అనే చందా లెక్క కూడా వేసుకోండి. 2023 సెప్టెంబరులో అందులో చవకైన ఎసెన్షియల్ ప్లాన్ ఏడాది ధరను 2,999 నుంచి 3,949కి పెంచారు. కొన్న గేములను ఆన్‌లైన్‌లో ఇతరులతో ఆడాలంటేనే అది కావాలి. ఒంటరిగా కథ ఆడుకోవడానికి అక్కర్లేదు, ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత గేములకూ అక్కర్లేదు. మొదటి ఏడాది మానేయండి.

పీఎస్6 వచ్చేస్తే ఇది పాతదైపోదా అని తర్వాత అడుగుతారు, ఇప్పుడే చెబుతాను. పీఎస్5 వచ్చిన రెండేళ్లకు, 2022 నవంబరులో, గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ అనే పెద్ద గేము పీఎస్4కి కూడా వచ్చింది. కొత్తది రాగానే పాతదాన్ని ఎవరూ మూసేయరు.

ఇప్పుడు మీ ప్లాన్. ఫిబ్రవరి నుంచి జులై దాకా మిగిలే 3,300లో 2,500 చొప్పున ఆరు నెలలు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి, 15,000 అవుతుంది. ఆగస్టులో బండి ఈఎంఐ పోతుంది కాబట్టి అక్టోబరు దాకా నెలకు 5,700, అంటే 17,100. ఇన్సెంటివ్‌లో 15,000 కలపండి. పీఎస్4 అమ్మితే 9,000. మొత్తం 56,100. 2026లో దసరా అక్టోబరు 20న, దీపావళి నవంబరు 8న, జీటీఏ 6కి ప్రకటించిన తేదీ నవంబరు 19. పండుగ సేల్స్‌లో పీఎస్5 మీద ఐదు వేలు తగ్గించిన సందర్భాలు ఉన్నాయి. ఆ తగ్గింపు దొరికితే కన్సోల్, గేము రెండూ ఈ డబ్బులోనే వస్తాయి. దొరక్కపోయినా, ధర ఇంకో ఐదు వేలు పెరిగినా, ఒకటి రెండు నెలల మిగులు కలిపితే సరిపోతుంది. ఆ గేము ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది, మొదట 2025 అన్నారు, తర్వాత 2026 మే 26 అన్నారు. మళ్లీ వాయిదా వేస్తే మీరూ కొనడం వాయిదా వేసుకోండి. గేము రాకముందే కన్సోల్ కొని పెట్టుకుంటే వారంటీ కాలం ఊరికే కరిగిపోతుంది.

బ్యాంకులోని 18,000 ముట్టుకోవద్దు. ఇన్సెంటివ్‌లో మిగిలే 10,000 కూడా అందులోనే వేయండి. 28,000 అంటే మీ ఇప్పటి ఒక్క నెల ఖర్చుకి కూడా చాలదు, కన్సోల్ వచ్చాక మిగిలే 5,700 కొన్ని నెలలు అటే పోవాలి. ఇంట్లో మీ జీతం మీద ఆధారపడిన వాళ్లున్నారు కాబట్టి ఈ ఏడాదే ఒక టర్మ్ పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు. నాన్నగారికి ఆరోగ్యశ్రీ వర్తిస్తుందో లేదో రేషన్ కార్డు తీసుకెళ్లి కనుక్కోండి, రాష్ట్రంలో దాని పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు.

టీవీ ఈ ఏడాది వద్దు. 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ నిరుడు 28 నుంచి 18 శాతానికి తగ్గింది, ఆ లాభం వచ్చే ఏడాది కొన్నా ఉంటుంది. చిట్టీ చేతికొచ్చాక అందులోంచి ఎంత టీవీకి, ఎంత డిపాజిట్‌కి అన్నది అప్పుడు చూద్దాం. ఈలోగా మీ చిట్టీ రిజిస్టర్ అయినదో కాదో, ఒప్పంద పత్రం, పాస్‌బుక్ మీ దగ్గర ఉన్నాయో లేదో చూసి నాకు రాయండి. తెలిసినవాళ్లు నోటిమాట మీద నడిపే చిట్టీ అయితే పైన చెప్పిన సలహాలో కొంత మార్చాల్సి ఉంటుంది.