ఎవరి నొప్పి ఎక్కువ?

మీరు ఇప్పటివరకూ పడ్డ నొప్పుల్లో అన్నిటికంటే పెద్దది ఏది అని కిందటి నెల అడిగాం. ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. చాలామంది నొప్పి గురించి నాలుగు వాక్యాలు రాసి, దాన్ని ఎవరూ నమ్మలేదన్న సంగతి రెండు పేజీలు రాశారు. ఇరవై ఆరేళ్లు క్యాజువాల్టీలో నర్సుగా పనిచేశాను కాబట్టి నాకిది కొత్త కాదు, అయినా ఇన్ని ఉత్తరాల్లో అదే మాట వరసగా చదివేసరికి మనసు బరువెక్కింది. అన్నిటికీ జవాబు రాసే చోటు లేదు, కొన్ని తీసుకున్నాను.

ప్రశ్న: సిస్టర్ గారూ, రెండు నెలల కిందట అర్ధరాత్రి నాకు కిడ్నీలో రాయి నొప్పి వచ్చింది. నేల మీద పడి దొర్లాను, వాంతులయ్యాయి, ఇక బతకననుకున్నాను. మా ఆవిడకు రెండు కాన్పులూ నొప్పి తగ్గించే మందు లేకుండానే అయ్యాయి. "ఈ మాత్రానికే ఇంత గోలా? ఒక్కసారి కని చూడు" అంటుంది. ఇంటికొచ్చిన వాళ్లందరి ముందూ ఇదే మాట. నిజంగా ఏది పెద్దది? తేల్చి చెప్పండి.

జవాబు: తేల్చే మిషన్ ఎక్కడా లేదు తమ్ముడూ. జ్వరానికి థర్మామీటర్ ఉంది, బీపీకి మిషన్ ఉంది, నొప్పికి మాత్రం పడేవాళ్ల నోరే ఆధారం. సున్నా నుంచి పది దాకా ఎంత అని మేం అడిగి రాసుకునేది కూడా మీ మాటే. ఎంత అని అడిగితే చాలదు, ఎలా ఉందో కూడా అడగాలని కెనడాకు చెందిన రొనాల్డ్ మెల్జాక్ అనే సైకాలజిస్టు 1975లో ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. నొప్పిని చెప్పే 78 మాటలు, 20 గుంపులు: పొడుస్తోందా, మండుతోందా, మెలిపెడుతోందా, కొట్టుకుంటోందా, ఇలా. మనకూ మాటలకు కరువేం లేదు. పోటు, సలుపు, తీపు, మంట, గుంజుడు, కలుక్కుమనడం, జివ్వుమనడం, ఒక్కోటి ఒక్కో రకం నొప్పి. డాక్టరు ముందు కూర్చోగానే ఇవన్నీ మింగేసి "నొప్పిగా ఉందండీ" అని ఊరుకుంటాం.

మీరు అడిగిన పోలికకు దగ్గరగా ఒక సర్వే ఉంది. క్లస్టర్ తలనొప్పి అని ఒకటుంటుంది, ఒక కంటి వెనకాల పావుగంట నుంచి మూడు గంటల దాకా పట్టుకుంటుంది, ఆ వైపు కన్ను ఎర్రబడి నీళ్లు కారతాయి, మనిషి పడుకోలేడు, గదిలో తిరుగుతూనే ఉంటాడు, కొందరు తల గోడకేసి కొట్టుకుంటారు. అది వచ్చే 1604 మందిని, మీరు పడ్డ మిగతా నొప్పులతో పోల్చి పదికి మార్కులు వేయమన్నారు. క్లస్టర్ తలనొప్పికి సగటున 9.7 వచ్చింది. కాన్పుకు 7.2, కిడ్నీ రాయికి 6.9. చూశారుగా, మీ ఇద్దరికీ తేడా 0.3, అంటే ఒక్క పాయింటు కూడా లేదు. దీన్ని పట్టుకుని మీ ఆవిడ గెలిచిందని నేను అనను. అది సగటు మాత్రమే. ఒక తల్లికి మూడు గంటల్లో అయిపోతుంది, ఇంకో తల్లి ఒక రోజంతా పడుతుంది. రాయి కూడా అంతే.

లోపల జరిగేది మాత్రం ఇద్దరికీ కొంత ఒకటే. కిడ్నీ నుంచి కిందికి వచ్చే గొట్టం లోపలి వెడల్పు మూడు నాలుగు మిల్లీమీటర్లు. రాయి అందులో ఇరుక్కుంటే మూత్రం వెనక్కి నిలిచి కిడ్నీ ఉబ్బుతుంది, రాయిని తోయడానికి ఆ గొట్టం కండరం బిగుసుకుంటుంది. గీసుకుపోవడం కంటే ఆ ఒత్తిడీ ఆ బిగువే ఎక్కువ బాధ పెడతాయి. గర్భసంచీ కూడా కండరమే, అదీ బిగుసుకుని వదులుతుంది. అందుకే రెండూ అలలు అలలుగా వస్తాయి. కాకపోతే కాన్పులో ఒక నొప్పికీ ఇంకో నొప్పికీ మధ్య ఊపిరి తీసుకునే సందు దొరుకుతుంది, ఎందుకొస్తోందో తెలుసు, చివర ఏముందో తెలుసు. మీకు ఆ రాత్రి ఏమీ తెలియదు. ఇది చిన్న తేడా కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో హెన్రీ బీచర్ అనే అమెరికన్ డాక్టరు, ఒళ్లు ఛిద్రమైన సైనికులను నొప్పికి మందు కావాలా అని అడిగితే నలుగురిలో ముగ్గురు వద్దన్నారు. బతికి బయటపడ్డాం, ఇక ఇంటికి పోతాం అన్నది వాళ్లకు ఆ గాయంతో వచ్చిన కబురు. నొప్పి ఒంట్లో పుట్టినా, దాని అర్థాన్ని బట్టి కూడా పెరుగుతుంది, తగ్గుతుంది.

ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీరు దొర్లిన రాత్రి ఇల్లంతా లేచింది, ఆస్పత్రికి తీసుకెళ్లారు, ఇంజెక్షన్ ఇచ్చారు. మీ ఆవిడకు రెండుసార్లూ "అందరికీ ఉండేదే" అని చెప్పి ఉంటారు. ఆవిడ ఎత్తిపొడుస్తున్నది మీ రాయిని కాదేమో, అప్పుడు ఎవరూ అడగని దాన్నేమో. ఇప్పుడైనా అడిగి చూడండి. ఆ గంటల్లో ఆవిడకు ఏం గుర్తుందో చెప్పనివ్వండి, మధ్యలో మీ రాయి సంగతి తేకండి.

అన్నట్టు, ఈసారి రాయి నొప్పితో పాటు చలిజ్వరం వస్తే తెల్లారేదాకా ఆగొద్దు. నిలిచిపోయిన మూత్రంలో ఇన్ఫెక్షన్ చేరితే ప్రాణం మీదికి వస్తుంది.

ప్రశ్న: అక్కా, నా కుడి బుగ్గలో కరెంటు షాక్ కొట్టినట్టు వస్తుంది. కొన్ని సెకన్లే, కానీ కాళ్ల కింద నేల కదిలిపోతుంది. పళ్లు తోముకున్నా, మొహానికి గాలి తగిలినా మొదలవుతుంది. పంటి నొప్పేమోనని రెండు పళ్లు తీయించుకున్నాను, తగ్గలేదు. మధ్యలో మామూలుగానే ఉంటాను కాబట్టి ఇంట్లో నటిస్తున్నానంటున్నారు.

జవాబు: చెల్లీ, ఇంకో పన్ను తీయించుకోకు. నువ్వు రాసినదాన్ని బట్టి ట్రైజెమినల్ న్యూరాల్జియా అయి ఉండొచ్చు, అంటే మొహానికి స్పర్శ తెలిపే నరం నుంచి వచ్చే నొప్పి. చాలామందిలో మెదడు అడుగున ఒక రక్తనాళం ఆ నరాన్ని ఆనుకుని నొక్కుతూ ఉంటుంది, పైపొర అరిగిపోతుంది, ఇక చిన్న స్పర్శ కూడా షాక్‌లా తగులుతుంది. పళ్లు పీకించుకున్నాక గానీ అసలు సంగతి తెలియనివాళ్లు నీలాగే చాలామంది ఉన్నారు. మధ్యలో మామూలుగా ఉండటం ఈ జబ్బు లక్షణం, నటన కాదు. ఆ మామూలు సమయంలో కూడా మళ్లీ ఎప్పుడొస్తుందోనన్న టెన్షన్‌తో మొహం కడుక్కోవడం మానేసినవాళ్లను, అన్నం ఒక పక్కనే నమిలి సగం బరువు తగ్గినవాళ్లను నేను చూశాను.

న్యూరాలజిస్టును కలువు. మామూలు నొప్పి మాత్రలు దీనికి పనిచేయవు. కార్బమాజెపిన్ అనే మందు ముందుగా వాడతారు, అది మూర్ఛకు వాడే మందే, చీటీ చూసి కంగారుపడకు. మొదట్లో మత్తుగా, తూలినట్టు ఉంటుంది. ఒంటి మీద దద్దుర్లు వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చెప్పాలి. ఎంఆర్ఐ తీయిస్తారు. మందుకు లొంగకపోతే ఆ రక్తనాళాన్ని నరం నుంచి పక్కకు తప్పించే ఆపరేషన్ ఉంది. వెళ్లేటప్పుడు, నటిస్తున్నావన్న వాళ్లలో ఒకరిని వెంట తీసుకెళ్లు, డాక్టరు నోటి నుంచి వాళ్లే వింటారు.

ప్రశ్న: ఏ నొప్పి ఓర్చుకోవచ్చు, ఏది ఓర్చుకోకూడదు? మా ఇంట్లో అందరికీ ఓర్పు ఎక్కువ, అదే నా భయం.

జవాబు: మీ భయం సరైనదే. నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, రాత్రి డ్యూటీ. ఒక బెడ్ మీద రాయి నొప్పితో ఒకాయన కేకలు పెడుతున్నాడు, కూర్చుంటాడు, లేస్తాడు, మోకాళ్ల మీద వంగుతాడు. పక్క బెడ్ మీద పందొమ్మిదేళ్ల అమ్మాయి కడుపునొప్పని వచ్చి కదలకుండా పడుకుని ఉంది. మోకాళ్లు పైకి ముడుచుకుని, రెండు చేతులూ పొట్టకు అటూ ఇటూ పెట్టుకుని, పైపైన చిన్నగా ఊపిరి తీసుకుంటోంది. ఎంత నొప్పి అంటే "ఉంది" అంది, అంతే. నేను కేకలు పెట్టేవాడి దగ్గరికి ముందు పరిగెత్తాను. తర్వాత ఆ అమ్మాయి బీపీ చూద్దామని మంచం అంచున కూర్చున్నాను. పరుపు అంగుళం కుంగిందేమో. ఆ అమ్మాయి కళ్లలోంచి నీళ్లు బొటబొటా కారాయి, నోటి నుంచి మాత్రం శబ్దం రాలేదు. "మంచం కదపకండి మేడమ్" అంది. అపెండిక్స్ పగిలిపోయి కడుపంతా చీము పట్టింది. ఆపరేషన్‌తో బతికింది. కానీ నేను వృథా చేసిన ఆ ఇరవై నిమిషాలు నాకిప్పటికీ గుర్తే.

కడుపు లోపలి పొర వాచిపోతే మనిషి కదలడు, కదిలితే ప్రాణం పోయేంత నొప్పి. గొట్టాల్లో బిగుసుకునే నొప్పయితే కదలకుండా ఉండలేడు. అరుపును బట్టి జబ్బు తీవ్రత లెక్కగట్టకూడదని నేను ఆ రాత్రి నేర్చుకున్నాను.

ఓర్చుకోకూడనివి: జీవితంలో ఎన్నడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా, నిమిషం లోపే పిడుగు పడ్డట్టు వస్తే అది మెదడులో రక్తస్రావం కావచ్చు. ఛాతీ బరువుగా నొక్కేస్తూ చెమటలు పడితే గుండె. ఛాతీలోంచి వీపులోకి చీల్చుకుపోతున్నట్టు ఉంటే పెద్ద రక్తనాళం చీలుతోందేమో. చెక్కలా గట్టిపడ్డ పొట్ట. ఇక ఇంట్లో మగపిల్లలుంటే తప్పక తెలియాల్సింది ఒకటుంది. వృషణం మెలితిరిగితే హఠాత్తుగా భరించలేని నొప్పి వస్తుంది, దాన్ని కాపాడుకోవడానికి ఉన్న సమయం సుమారు ఆరు గంటలే. పిల్లాడు సిగ్గుపడి పొత్తికడుపు నొప్పి అని చెబుతాడు, పొద్దున చూద్దాంలే అనుకుంటాం, పొద్దుటికి అయిపోతుంది. సిగ్గుపడకుండా అడగండి.

ప్రశ్న: ఇంజెక్షన్ అంటేనే నాకు ఏడుపొస్తుంది. మా అన్న కుట్లు వేస్తున్నా కదలడు. నేను పిరికిదాన్నా?

జవాబు: కాదమ్మా. నరాలు అందరికీ ఒకేలా ఉండవు. పుట్టుకతోనే నొప్పి తెలియనివాళ్లు కూడా ఉన్నారు, కొందరిలో దానికి ఎస్‌సీఎన్9ఏ అనే జన్యువులో లోపం కారణమని 2006లో కనుక్కున్నారు. వాళ్లు పిల్లలుగా ఉండగానే నాలుక కొరికేసుకుంటారు, ఎముక విరిగినా నడుస్తారు. నొప్పి తెలియడం బలహీనత కాదు. ఈసారి నర్సుకు ముందే చెప్పు, పడుకోబెట్టి ఇస్తారు.

ప్రశ్న: మా ఆరేళ్ల బాబుకు చెయ్యి కాలింది. రోజు విడిచి రోజు డ్రెస్సింగ్. వాడి కేకలకు నేను బయటికి వచ్చేస్తున్నాను. "పిల్లలకు గుర్తుండదులెండి, గబగబా కానివ్వడమే మంచిది" అంటున్నారు. నిజమేనా?

జవాబు: గుర్తుండదన్న మాట వింటే నాకు కోపం వస్తుంది. ఆ నమ్మకంతోనే 1980ల దాకా చాలాచోట్ల పసిగుడ్లకు సరైన మత్తు లేకుండా ఆపరేషన్లు చేశారు. కన్వల్‌జీత్ ఆనంద్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు, పసివాళ్లకూ నొప్పి పూర్తిగా తెలుస్తుందని 1987లో ఆధారాలతో చూపించాక ఆ పద్ధతి మారింది.

కాలిన గాయం కంటే దాని డ్రెస్సింగే ఎక్కువ నరకమని పెద్దవాళ్లే చెబుతారు. డ్రెస్సింగ్‌కు ముందే నొప్పి మందు ఇవ్వమని అడగండి, మొదలుపెట్టాక ఇస్తే లాభం లేదు, అది పనిచేయడానికి సమయం కావాలి. పాత కట్టు అంటుకుపోతే పీకకుండా తడిపి నాననివ్వమనండి. మధ్యలో "ఆగు" అనే హక్కు వాడికి ఇవ్వండి, రెండుసార్లో మూడుసార్లో, అన్నప్పుడు నిజంగానే ఆగాలి. చివరి రెండు నిమిషాలు నెమ్మదిగా, మెత్తగా గడవాలి. దీనికి కారణం ఉంది. డేనియల్ కానెమన్ అనే సైకాలజిస్టు బృందం 1993లో కొందరి చేత చేతిని 14 డిగ్రీల చల్లటి నీళ్లలో నిమిషం పాటు పెట్టించింది. ఇంకోసారి అదే నిమిషం, దాని తర్వాత నీళ్లను ఒక డిగ్రీ వేడిచేస్తూ ఇంకో అర నిమిషం. మళ్లీ ఏది చేస్తారంటే ఎక్కువమంది రెండోదే అన్నారు, నొప్పి పడ్డ సమయం ఎక్కువైనా సరే. చివర ఎలా ముగిసిందో అదే మనసులో నిలుస్తుంది. ఇంకో మాట, మీరు బయటికి రాకండి. వాడి మంచి చేతిని పట్టుకుని, మొహం వాడికి కనబడేలా కూర్చోండి.

ప్రశ్న: ప్రమాదంలో మా నాన్నకు మోకాలి కింద కాలు తీసేశారు. ఇప్పుడు ఆ లేని కాలి వేళ్లు ఒకదాని మీద ఒకటి మెలిపడి నొప్పెడుతున్నాయంటారు. రాత్రిళ్లు మరీ ఎక్కువ. మతి చలించిందేమోనని అమ్మ ఏడుస్తోంది. ఈమధ్య ఆయన చెప్పడం కూడా మానేశారు.

జవాబు: ఆయన మతికేమీ కాలేదు. కాలు తీసేసినవాళ్లలో చాలామందికి ఇది వస్తుంది. అమెరికా అంతర్యుద్ధంలో కాళ్లూ చేతులూ పోయిన సైనికులకు వైద్యం చేసిన సైలస్ వియర్ మిచెల్ అనే డాక్టరు 1871లోనే దీనికి ఫాంటమ్ లింబ్ అని పేరు పెట్టాడు. కాలు పోయినా మెదడులో ఆ కాలికి కేటాయించిన చోటు పోదు, తెగిన నరాల కొసలు ఏవో సంకేతాలు పంపుతూనే ఉంటాయి. కాలు తీసేసిన కొస దగ్గర పుండు గానీ గడ్డ గానీ ఉందేమో ముందు చూపించండి. నరాల నొప్పికి వేరే మందులున్నాయి, పెయిన్ క్లినిక్ ఉంటే తీసుకెళ్లండి.

అద్దంతో ఒక పద్ధతి ఉంది, మెదడు మీద పరిశోధన చేసే వి.ఎస్. రామచంద్రన్ 1990లలో మొదలుపెట్టారు. రెండు కాళ్ల మధ్య నిలువుటద్దం పెడతారు, బాగున్న కాలి ప్రతిబింబం లేని కాలి చోట కనబడుతుంది. బాగున్న కాలి వేళ్లు మెల్లగా విప్పుతూ అద్దంలోకి చూస్తుంటే, అవతల మెలిపడ్డ వేళ్లు కూడా విడుతున్నట్టు కొందరికి అనిపిస్తుంది. అందరికీ పనిచేయదు. ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని రోజూ కాసేపు చేయించండి.

ఈలోపు మీరూ అమ్మా ఈ రాత్రే ఆయన మంచం పక్కన కూర్చోండి. "ఏ వేలు నాన్నా?" అని అడగండి. దుప్పటి పల్చగా పడి ఉన్నచోట చెయ్యి పెట్టి, ఇదిగో ఈ వేలు అని చూపిస్తారు.