టూల్ స్టీల్ గ్రేడ్లన్నీ బట్టీ పట్టాలా?

ప్రశ్న: టూల్ అండ్ డై మేకింగ్ డిప్లొమా చివరి ఏడాదిలో ఉన్నాను. ఒక ఇంటర్వ్యూలో '10 మి.మీ. మందం ఉన్న స్టీల్ ప్లేటుకు రంధ్రాలు కొట్టే పంచ్‌ని ఏ స్టీల్‌తో చేస్తావు?' అని అడిగారు. బాగా గట్టిది కదా అని డీ2 అన్నాను. 'చిట్లిపోదా?' అంటే నోరు పెగల్లేదు. ఉద్యోగం రాలేదు. గ్రేడ్ల చార్టు మొత్తం బట్టీ పట్టాలా? అసలు ఈ లైన్‌లో ఉండాలా వద్దా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఉండండి. చార్టు మాత్రం బట్టీ పట్టకండి.

డీ2 మంచి స్టీలే. అందులో సుమారు 1.5 శాతం కార్బన్, 12 శాతం క్రోమియం ఉంటాయి. రెండూ కలిసి గట్టి కార్బైడ్లుగా మారతాయి. అరగకుండా కాపాడేవి అవే. పల్చటి రేకును లక్షల సార్లు కత్తిరించే డైకి అది చక్కగా సరిపోతుంది. కానీ మందపాటి ప్లేటు మీద పంచ్‌కి ప్రతి స్ట్రోకూ పెద్ద దెబ్బే. ఆ దెబ్బలకు పెద్ద కార్బైడ్ల దగ్గరే పగులు మొదలై, అరిగేలోపే అంచు చిట్లిపోతుంది. అక్కడ ఎస్7 లాంటిది కావాలి. అందులో కార్బన్ అర శాతమే. డీ2 కంటే త్వరగా అరుగుతుంది గానీ దెబ్బకు ఓర్చుకుంటుంది. కొంత అదీ కొంత ఇదీ కావాలంటే ఏ2 ఉంది. ఏ2ని, డీ2ని ఒకే 60 హెచ్‌ఆర్‌సీకి (గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ స్కేలు) హార్డెన్ చేసి, అంటే కాచి చల్లార్చి గట్టిపరిచి చూడండి, దెబ్బకు ఎక్కువ నిలిచేది ఏ2నే. గట్టిదనం అంకె ఒక్కటే చూసి స్టీల్‌ని ఎంచుకోకూడదనేది ఇందుకే.

కాబట్టి 'ఏ గ్రేడ్?' అని మొదలుపెట్టకండి. 'ఈ టూల్ దేనివల్ల పాడవుతుంది?' అని మొదలుపెట్టండి. అరిగిపోయా, చిట్లిపోయా, వేడికి మెత్తబడా? వేడి దగ్గర చాలామంది తడబడతారు. అల్యూమినియం డై కాస్టింగ్‌లో కరిగిన లోహం వచ్చి పడుతుంది, వెంటనే స్ప్రేతో చల్లబరుస్తారు, మళ్లీ లోహం. ఈ కాగడం, చల్లారడంతోనే డై మీద వలలాగా పగుళ్లు వస్తాయి. అందుకే అక్కడ హెచ్13 వాడతారు, అదీ 44-48 హెచ్‌ఆర్‌సీ దగ్గర ఆపుతారు. అంకె తక్కువని చిన్నచూపు చూడకండి, పగుళ్లను తట్టుకోవడానికి కావాలని తగ్గించింది అది. డ్రిల్లులు, మిల్లింగ్ కట్టర్లకు ఎం2 వాడతారు. టంగ్‌స్టన్, మాలిబ్డినం ఉండటంతో అంచు బాగా కాగినా పదును నిలుస్తుంది. ప్లాస్టిక్ మోల్డులకు పీ20 దాదాపు 30 హెచ్‌ఆర్‌సీకి ముందే హార్డెన్ అయి వస్తుంది, నేరుగా మెషీన్ చేసుకోవచ్చు.

విద్యార్థులు హీట్ ట్రీట్‌మెంట్‌ని ఒక చాప్టర్‌గా చదివి వదిలేస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది. డబ్ల్యూ1ని నీళ్లలో, ఓ1ని నూనెలో, ఏ2ని గాలిలో చల్లారుస్తారు. ఆ అక్షరాలు (వాటర్, ఆయిల్, ఎయిర్) చెప్పేది అదే. ఎంత వేగంగా చల్లారిస్తే అంతగా వంకర పోతుంది, పగులుతుంది. సన్నటి గోడలు, పదునైన మూలలు ఉన్న డైని డబ్ల్యూ1తో చేసి నీళ్లలో ముంచితే, ఎన్నో రోజుల మెషీనింగ్ ఒక్క నిమిషంలో పోవచ్చు. వీలైతే అప్రెంటిస్‌షిప్‌లో కొన్ని వారాలు ఫర్నేస్ దగ్గర ఉండేలా అడిగి మరీ వేయించుకోండి.

టూల్‌రూమ్‌లో పాడైన పంచ్‌లను తుక్కులో పడేసే ముందు భూతద్దంతో చూడండి. అంచు గుండ్రబడితే అది అరుగుదల. పెచ్చు ఊడితే స్టీల్ మార్చాలి, లేదా టెంపరింగ్ (హార్డెన్ చేశాక మళ్లీ తక్కువ వేడికి కాచడం) వేడి పెంచి గట్టిదనం కొంచెం తగ్గించాలి. మూల దగ్గర పగిలితే ముందు ఆ మూలకు రేడియస్ ఇచ్చారో లేదో (గుండ్రంగా చేశారో లేదో) చూడండి, తర్వాతే స్టీల్‌ని అనుమానించండి. ఇలా చూసినవి ఒక నోట్‌బుక్‌లో రాసుకుని ఇంటర్వ్యూకి తీసుకెళ్లండి.

అదే ప్రశ్న మళ్లీ ఎదురైతే వెంటనే గ్రేడ్ పేరు చెప్పకండి. ప్లేటు ఎంత గట్టిది, ఎన్ని రంధ్రాలు కొట్టాలి, రంధ్రం వ్యాసం ఎంత అని ముందు మీరే అడగండి. వ్యాసం ప్లేటు మందం కన్నా తక్కువైతే పంచ్ విరిగే ప్రమాదం ఇంకా పెరుగుతుంది.