అచ్చు గీతలు తీసే కత్తిని సంచిలో పెట్టుకుని తిరగవచ్చునా?

ప్రశ్న: నేను ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. ఇక్కడికి వచ్చాక చిన్న చిన్న ప్లాస్టిక్ సైనికుల బొమ్మలను అతికించి రంగులు వేసే సరదా పట్టుకుంది. ప్రతి శనివారం బీస్టన్ నుంచి ట్రామ్‌లో క్లబ్బుకు వెళ్తాను. బొమ్మలు పోసిన అచ్చు వల్ల వాటి మీద మిగిలిపోయే సన్నని గీతలను, అంటే అచ్చు గీతలను, తీయడానికి పెన్ను లాంటి సన్నని హాబీ కత్తి కొన్నాను. దాని బ్లేడు రెండంగుళాలు కూడా ఉండదు. మూడంగుళాల లోపు కత్తికి ఇక్కడ అభ్యంతరం లేదని మిత్రులు చెబుతున్నారు. కానీ మొన్న ట్రామ్ స్టాపులో పోలీసులు ఒక కుర్రవాడి సంచి వెతకడం చూసినప్పటి నుంచి నాకు భయంగా ఉంది. కత్తి మానేసి వేరే పనిముట్టు ఏదైనా కొనుక్కోవాలా?

జవాబు: మీ మిత్రులు చెప్పింది సగం నిజం, మిగిలిన సగమే మిమ్మల్ని చిక్కుల్లో పడేసేది. ఇంగ్లండ్, వేల్స్‌లలో అమలులో ఉన్న 1988 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టం 139వ సెక్షన్ ప్రకారం, బ్లేడు గానీ వాడి మొన గానీ ఉన్న వస్తువును తగిన కారణం లేకుండా బహిరంగ స్థలంలో దగ్గర ఉంచుకోవడమే నేరం. దానితో ఎవరినీ బెదిరించి ఉండనవసరం లేదు. గరిష్ఠ శిక్ష 4 సంవత్సరాల జైలు. మూడంగుళాల మినహాయింపు ఉన్న మాట వాస్తవమే గాని, అది మడిచే జేబుకత్తికి మాత్రమే వర్తిస్తుంది. మీ కత్తి బ్లేడు పిడిలో బిగించి ఉంటుంది, మడత పడదు. కాబట్టి అది అంగుళమే ఉన్నా మినహాయింపు దక్కదు. తెరిచాక లాక్ పడే కత్తి కూడా మడిచే కత్తి కిందికి రాదని, ఎప్పుడైనా అలవోకగా మడవగలిగితేనే మినహాయింపు ఉంటుందని అక్కడి న్యాయస్థానాలు 1990లలోనే తేల్చాయి. ముందుకు జరిపి బిగించే కట్టర్ల సంగతీ అంతే.

మనవాళ్లు ఈ విషయంలో పొరబడడానికి మరో కారణం కూడా ఉందని నాకు అనిపిస్తుంది. మన దేశపు ఆయుధాల నిబంధనలు, 2016 ప్రకారం కత్తి ఆయుధాల పట్టికలో చేరాలంటే దాని బ్లేడు 9 అంగుళాల కంటే పొడవుగానో 2 అంగుళాల కంటే వెడల్పుగానో ఉండాలి, పైగా ఇంటి పనికీ వ్యవసాయానికీ తయారైనవాటిని అక్కడ మినహాయించారు. ఆ లెక్కకు అలవాటుపడినవారికి పెన్ను లాంటి కత్తి నేరం కాగలదన్న ఆలోచనే రాదు.

అయితే మీ కత్తి సంచిలో ఉన్నంత మాత్రాన శిక్ష ఖాయమని కాదు. తగిన కారణం ఉందని నిరూపిస్తే విడుదల చేస్తారు. కానీ ఆ నిరూపణ భారం మీ మీదే ఉంటుంది. అది సందేహానికి తావు లేని రుజువు కానక్కరలేదు, మీరు చెప్పేదే ఎక్కువ సంభావ్యమని కోర్టుకు అనిపిస్తే చాలు. బొమ్మలు శుభ్రం చేసుకోవడానికి క్లబ్బుకు వెళ్తూ, అదే పెట్టెలో బొమ్మలు, రంగులు, కత్తి కలిపి పెట్టుకోవడం నా దృష్టిలో తగిన కారణమే. అయితే ఆ కారణం ఆ ప్రయాణానికే పరిమితం. క్లబ్బు నుంచి అటే సినిమాకు వెళ్లినా, సోమవారం అదే సంచితో తరగతికి వెళ్లినా కత్తి మీ వెంట ఉంటుంది గాని కారణం ఉండదు. మరచిపోయానన్న మాట ఒక్కటే జవాబుగా నిలవదు. పనిలో వాడిన కత్తిని కోటు జేబులో మరచిపోయిన ఒక వ్యక్తి శిక్షను 2010లో హైకోర్టు రద్దు చేసింది నిజమే, కాని అక్కడ మరపుతో పాటు పని అనే అసలు కారణం కూడా ఉంది. ఇంకొక మాట: ప్రజలు డబ్బు కట్టి వచ్చినా ఊరకే వచ్చినా, వారికి ప్రవేశం ఉన్న చోటు బహిరంగ స్థలమే కాబట్టి, బయటివారిని రానిచ్చే క్లబ్బు హాలు కూడా ఆ నిర్వచనంలోకి వస్తుంది.

ఇక పనిముట్టు ఎంపిక. ఈ గీతలను తీయడానికి మొండి అంచుతో ఉన్న లోహపు గీకుడు పనిముట్లు దొరుకుతున్నాయి, వేలు తెగదని కొత్తవారికి వాటినే సిఫారసు చేస్తారు. చట్టం దృష్టిలో అవి పూర్తిగా సురక్షితమని మాత్రం చెప్పలేను. 1998లో అప్పీలు కోర్టు స్క్రూడ్రైవరును ఈ సెక్షన్ కిందికి రానివ్వలేదు, బ్లేడు అంటే కోసే అంచు ఉన్నదని భావం చెప్పింది. కాని 2005లో హైకోర్టు, అంచు గానీ మొన గానీ లేని, పిడి కూడా ఊడిపోయిన వెన్న రాసే కత్తిని బ్లేడు ఉన్న వస్తువేనని నిర్ణయించింది. చిన్న కత్తిలా కనిపించే మీ గీకుడు పనిముట్టు ఈ రెండింటిలో దేనికి దగ్గరో ట్రామ్ స్టాపులో నిలబడి వాదించే పరిస్థితి తెచ్చుకోవద్దు. సన్నని ఆకురాళ్లు, ఉప్పు కాగితం ఇంతకంటే చాలా మేలు. ఆకురాళ్లలోనూ సూదిలా మొన తేలినవి కాకుండా చివర చదునుగా ఉన్నవి ఎంచుకోండి, ఎందుకంటే వాడి మొన ఉన్న వస్తువునూ సెక్షన్ పేర్కొంది.

నన్నడిగితే కత్తిని పారేయనక్కరలేదు, ప్రయాణం నుంచి తప్పిస్తే చాలు. అచ్చు రెండు సగాలు కలిసిన చోట బొమ్మ భుజం మీదుగా వెంట్రుకలా సాగే ఆ గీతను ఎలాగూ రంగుకు ముందే తీయాలి, లేకపోతే రంగు పడ్డాక మరింత ఎత్తుగా కనబడుతుంది. ఆ పనిని గదిలోనే బల్ల దగ్గర, కత్తి బ్లేడు వెనక అంచుతో మెల్లగా గీకి ముగించి, క్లబ్బుకు ఆకురాయి, కుంచెలు మాత్రమే తీసుకెళ్లండి. గదిలో పెట్టుకునే ముందు మీ హాస్టల్ ఒప్పందంలో కత్తుల గురించి ఏమి రాసి ఉందో ఒకసారి చూడండి.

మడిచే కత్తి కొందామనుకుంటే, మీట నొక్కగానే తెరుచుకునే రకం జోలికి అసలు పోవద్దు. అది 2021 జూలై నుంచి ఇంట్లో ఉంచుకున్నా నేరం. 18 ఏళ్లు నిండనివారికి కత్తులు, కత్తి బ్లేడ్లు అమ్మడం నేరం కనుక, ఆన్‌లైన్‌లో విడి బ్లేడ్లు కొన్నప్పుడు పాస్‌పోర్టు అడిగితే నొచ్చుకోకండి.

పోలీసులు ఆపితే వాదనకు దిగకండి, కత్తి ఉందని అడిగిన వెంటనే చెప్పండి, ఎక్కడికి, ఎందుకు వెళ్తున్నారో క్లుప్తంగా చెప్పండి. సోదాకు కారణం అడిగే హక్కు, సోదా రికార్డు ప్రతి పొందే హక్కు మీకు ఉన్నాయి. స్టేషనుకు తీసుకెళ్తే, మీ వీసా ఏదైనా, ఆదాయం ఎంతైనా, న్యాయవాది సలహా అక్కడ ఉచితం. ఆ సలహా అందేదాకా ప్రశ్నలకు జవాబు ఇవ్వకండి. వ్యవహారం త్వరగా ముగుస్తుందన్న ఆశతో పోలీసులు ఇవ్వజూపే కాషన్‌ను (కోర్టుకు పంపకుండా రికార్డులో నమోదు చేసే లాంఛన హెచ్చరికను) ఒప్పుకోకండి, ఎందుకంటే అది నేరాన్ని అంగీకరించడమే అవుతుంది, తరవాత మీరు పెట్టుకునే వీసా దరఖాస్తులో దాన్ని వెల్లడించాల్సి వస్తుంది.

సెలవులకు హైదరాబాద్ వచ్చేటప్పుడు కత్తిని చెక్-ఇన్ సామానులో బ్లేడు కప్పి పెట్టండి. బొమ్మలు అతికించే ప్లాస్టిక్ సిమెంటు మాత్రం మండే ద్రావకం కాబట్టి ఏ సామానులోనూ పెట్టకుండా గదిలోనే వదిలిరండి.