గ్రూపు మానేయడం గురించి తర్వాత, ముందు ఇది వినండి

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. కొరియా కుర్రాళ్ల పాటల బృందం బీటీఎస్ అభిమానుల గ్రూపులో ఉన్నాను. కొరియన్ అక్షరాలు నేర్చుకుని, గంటల తరబడి కూర్చుని పాటల అర్థాలు తెలుగులో రాసి పెడతాను. కొత్త పాట రాగానే "అక్కా, అర్థం ఎప్పుడు పెడతారు?" అని అడుగుతారు. ఆదివారాలు వీడియో కాల్‌లో కలిసి పాడుకుంటాం. నాకు ఆపరేషన్ అయినప్పుడు రోజూ పలకరించింది వాళ్లే. మా వారు మాత్రం చుట్టాల ముందు "మా ఆవిడకి ఈ వయసులో కుర్రాళ్ల పిచ్చి" అని నవ్వుతారు. 17 ఏళ్ల మా అబ్బాయి కూడా మొన్న అదే మాటన్నాడు. ఆల్బమ్‌ల ఖర్చు ఇంట్లో చెప్పలేదు. గొడవెందుకు, గ్రూపు మానేయనా?

జవాబు: వద్దమ్మా. ఆ ప్రశ్న ఇక్కడితో వదిలేయండి.

మీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్నది అబ్బాయి మాట. నలుగురిలో భార్యను చులకన చేయడం మీ వారికి అలవాటైంది. ఊరుకోవడం మీకు అలవాటైంది. రెండూ చూసి పిల్లాడు నేర్చుకున్నాడు. మీరు గ్రూపు మానేస్తే ఆయన నవ్వడానికి ఇంకొకటి దొరుకుతుంది, అంతే. రేపు ఆ ఇంటికి కోడలిగా వచ్చే అమ్మాయి కూడా ఇదే పడాలి.

ఆపరేషన్ రోజుల్లో గ్రూపువాళ్లు పలకరించారని రాశారు. మీ వారు ఏం చేశారో ఒక్క ముక్క లేదు. నాకైతే అది చాలా పెద్ద విషయంగా కనిపించింది.

ఇంట్లో మీరు చేసే పని ఆగిపోతేనే ఎవరికైనా తెలుస్తుంది. గ్రూపులో మీరు రాసేదాని కోసం అడిగి మరీ ఎదురుచూస్తున్నారు. 40 దాటాక కొత్త లిపి నేర్చుకునే ఓపిక అక్కడి నుంచే వచ్చింది. పైగా కలిసి పాడేవాళ్లు త్వరగా దగ్గరవుతారు. 2015లో బ్రిటన్ పరిశోధకులు పాటలు, చేతిపనులు, రచన నేర్చుకునే పెద్దవాళ్లను నెలల తరబడి గమనించారు. చివరికి అందరూ దగ్గరయ్యారు గానీ, ముందుగా కలిసిపోయింది పాడేవాళ్లే.

పిచ్చి అంటారా? 2020 జూన్‌లో బీటీఎస్, వాళ్ల కంపెనీ కలిసి అమెరికాలో నల్లజాతీయుల హక్కుల ఉద్యమానికి 10 లక్షల డాలర్లు ఇచ్చినట్టు తెలియగానే, అభిమానులు రెండు రోజులు తిరక్కుండా అంత మొత్తమూ తామే పోగుచేసి ఇచ్చారు. మీరున్నది అలాంటి మనుషుల మధ్య.

ఆల్బమ్‌ల ఖర్చు దాచడం మాత్రం తప్పు. ఈ రోజే లెక్క చెప్పేయండి. ఆ దాపరికం ఉన్నంతకాలం మీరు గట్టిగా మాట్లాడలేరు.

ఆ తర్వాత, ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆయన్ని కూర్చోబెట్టి, గ్రూపు ఊసెత్తకుండా "నలుగురిలో నన్ను నవ్వులపాలు చేస్తున్నారు. ఇక ఊరుకోను" అనండి. ఏడుపొస్తే రానివ్వండి గానీ మాట మింగకండి. మళ్లీ అంటే ఆ చుట్టాల ముందే "ఆ మాట నాకు నచ్చలేదండీ" అనండి. సంసారంలో సర్దుకుపోవాలని నేనూ చెప్తాను. కానీ అవమానానికి సర్దుకోమని ఏ ఆడపిల్లకీ చెప్పను.

అబ్బాయితో విడిగా మాట్లాడండి. వాళ్ల నాన్న గురించి ఫిర్యాదులు వద్దు. "అమ్మను అలా అనకూడదు" అని ఒక్కసారి గట్టిగా చెప్పండి. కుదిరితే మీరు రాసిన పాట అర్థం ఒకటి వినిపించండి. పాట నచ్చకపోయినా ఫర్వాలేదు, మాట మాత్రం మార్చుకోవాలి.